రెండు ఉప్పెంతలు

దగ్గరికి జరగండి టీచరమ్మా, జరిగి కూర్చుని వినండి... అయ్యో, కాదు కాదు, మీరు కదలకండి! అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. నేనే జరుగుతాను. ఈ స్టూలుకి ఒక కాలు పొట్టి, అయినా పర్లేదు, ఇలా మీ చెవి పక్కనే కూర్చుంటాను. మాస్కు మాత్రం తీయకండి. మాట్లాడేది నేను. మీరు వింటే చాలు.

పక్క మంచం ఆవిడ నిద్ర నటిస్తోంది కదూ? విననివ్వండి పాపం. వినేవాళ్ళు ఎంతమంది ఉంటే నా గొంతు అంత బాగా లేస్తుంది.

యంత్ర లోపమట! విన్నారా ఈ మాట? "కంప్యూటరు పొరపాటు వల్ల మీ పళ్ళెంలోకి ఉప్పు పొట్లం వచ్చింది, చింతిస్తున్నాం" అని మీకు చెప్పమన్నారట. కంప్యూటరు పొరపాటేమిటండీ? దానికి ఏం చెబితే అది చేసింది. నోరు లేనిదాని మీదకి నెట్టేస్తే తీరిపోయిందా?

నేనెవరినంటారా? నిజమే, నా వంట తిన్నారు గానీ నా మొహం ఎక్కడ చూశారు మీరు. కింద వంటశాల చూసుకునేది నేను. అందరూ పెద్దమ్మి అంటారు. సెలవు రోజుల్లో ప్రార్థన హాల్లో కథలు చెప్పేది కూడా నేనే. ఆఁ, చూశారా, కళ్ళు పెద్దవయ్యాయి! గొంతు పట్టేశారు. మైకు లేకుండానే చివరి వరసకి వినపడుతుందని నాకో పేరు. అంతా పైవాడి దయ.

ఏదీ, కాళ్ళు ఒకసారి చూడనివ్వండి. దుప్పటి కొంచెం తీస్తాను... అమ్మో. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది ఇంకా. నిన్నటికీ ఇవాళ్టికీ నయమేనట, డాక్టరు గారు అన్నారు. ఊపిరి తేలిగ్గా ఆడుతోందా? సరే, తల ఊపకండి, కళ్ళు ఆర్పండి చాలు.

కాసేపట్లో సూపరింటెండెంటు గారు వస్తారు. ఫిర్యాదు ఇస్తారా, ఇస్తే ఎవరి మీద ఇస్తారు అని అడుగుతారు. మీరు ఊఁ అంటే ఒకరి ఉద్యోగం పోతుంది. అందుకని ఆయన కంటే ముందు నేనే మెట్లెక్కి వచ్చాను. ఆయన చెప్పేది ఆఫీసు మాట. నేను చెప్పేది జరిగింది.

ఎవరి ఉద్యోగమా? చిన్నమ్మిది. నా తోటికోడలు. నా మరిది భార్య. ఆవిడకి ఇక్కడ ఉద్యోగం వేయించింది నేనే, ఒకే ఇంట్లో ఆవిడ మేడ మీద, నేను కింద. ఇన్నేళ్ళలో మా ఇద్దరి మధ్యా గట్టి మాట ఒకటి లేదు. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ, "మీరిద్దరూ ఎప్పుడైనా పోట్లాడుకుంటే చూసి పోవాలనుందే" అని నవ్వేది. చూడకుండానే పోయింది, అదృష్టవంతురాలు.

మాకో పద్ధతుంది. ఆవిడ వంటింట్లోకి నేను తొంగి చూడను, నా వంటింట్లోకి ఆవిడ తొంగి చూడదు. మూతలెత్తి చూడటం, డబ్బాలు సర్దిపెట్టడం, అలాంటివి మా ఇంట్లో లేవు. తోటికోడళ్ళ మధ్య శాంతి అలాగే నిలబడుతుందండీ. ఆ పద్ధతే నా కొంప ముంచుతుందని ఎవరికి తెలుసు?

చెప్తాను, వరసగానే చెప్తాను. కంప్యూటరు మాటలు వస్తాయి, బెదిరిపోకండి. నాకు అర్థమైందంటే మీకు అవ్వదా.

మా వంటశాలలో వంటంతా చప్పగానే వండుతాం. ఉప్పు విడిగా, చిన్న చిన్న పొట్లాల్లో. కాలు విరిగినవాళ్ళకి రెండు పొట్లాలు, గుండె వార్డుకి ఒకటి, మూత్రపిండాలవాళ్ళకి అసలు లేదు. ఏ మంచానికి ఎన్ని పొట్లాలో స్టిక్కరు మీద రాసి పళ్ళేనికి అంటిస్తాం. ఆ స్టిక్కరు చూసి పొట్లాలు పెట్టేది చిన్నమ్మి బల్ల. ఇదివరకు స్టిక్కర్లన్నీ చేత్తో రాసేవాళ్ళం. రాసి రాసి వేళ్ళు వంకర్లు పోయేవి.

అప్పుడు ఆస్పత్రివాళ్ళు ఒక కంప్యూటరు మాస్టార్ని పెట్టారు. వంటలవాళ్ళకీ స్టోర్సువాళ్ళకీ మధ్యాహ్నం పూట పాఠం. మీ పని మీరే ప్రోగ్రాం రాసుకోండి అని. మా కూరలు తరిగే ఆవిడ మొదటిరోజే, "మౌసంటే ఇదా, నేను నిజంది అనుకుని కాళ్ళు పైకి పెట్టుకున్నా" అంది. అలాంటి బడి మాది.

నాకు మాత్రం ఫంక్షన్ పాఠం చెప్పిన రోజు ఒళ్ళు పులకరించింది టీచరమ్మా. మాస్టారు అన్నారూ, "ఒక పని ఎలా చెయ్యాలో ఒక్కసారి రాసి పెట్టండి. దానికి మీరే ఒక పేరు పెట్టండి. ఇక ఎప్పుడు కావాలన్నా ఆ పేరు పెట్టి పిలిస్తే చాలు, వచ్చి ఆ పని చేసిపెడుతుంది. మళ్ళీ మళ్ళీ రాయక్కర్లేదు" అని. నాకు కళ్ళు చెమర్చాయి. పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు ఒక్కడే అనుకున్నాను ఇన్నాళ్ళూ, పైనున్నవాడు. ఇదీ పలుకుతుందట!

ఇంటికెళ్ళి మా ఆయనతో, "ఏమండీ, నేనూ ఒక ఫంక్షన్ రాశానండీ" అన్నాను. ఆయన పేపరు మడిచి, "ఎవరింట్లో? భోజనాలు ఎన్నింటికి?" అన్నారు. నవ్వకండి, దగ్గొస్తుంది మీకు.

నా ఫంక్షన్‌కి ఉప్పెంత అని పేరు పెట్టాను. రోగి జబ్బు పేరు దానికి అందిస్తే, ఎన్ని పొట్లాలో అది చెప్పాలి. అంతే దాని పని. ఆ అంకె తీసుకుని స్టిక్కరు వేసే ఫంక్షన్ వేరే ఉంది, అది చిన్నమ్మి రాసింది. ఒకే ఫైలు, పైన నా వాటా, కింద ఆవిడ వాటా. "ఇంట్లో నువ్వు పైన నేను కింద కదే, ఇక్కడ తిరగేశాం" అని ఇద్దరం ఎంత నవ్వుకున్నామో! ఇంటి పద్ధతే ఇక్కడా. ఆవిడ వాటా నేను చూడను, నా వాటా ఆవిడ ముట్టుకోదు.

అనుకున్నాను.

మామూలుగా రాస్తే నాకు తృప్తి ఎక్కడిది? తెర మీద అంకె చూపించాక ఒక దీవెన కూడా రాయించాను. ప్రతి మంచానికీ వస్తుంది, "తిను, చల్లగా ఉండు" అని. రోగులకి అది కనపడదు, తెర మీద మాకే. అయినా ఎవరూ చూడని దీవెన ఇంకా గట్టిది కదండీ. మాస్టారు నవ్వి, "ప్రోగ్రాంలో దీవెన రాసినవాళ్ళని మిమ్మల్నే చూశానండీ పెద్దమ్మి గారూ" అన్నారు. మురిసిపోయాను.

ఇప్పుడు అసలు తిరకాసు వినండి. నా ఫంక్షన్‌లో ఒక లోపం ఉంది. తెర మీద చూపించడం ఒకటి, అడిగిన వాళ్ళ చేతిలో పెట్టడం ఒకటి. నేను చూపించమని రాశాను. చేతిలో పెట్టమని రాయలేదు. ఎవరైనా వచ్చి "ఉప్పు ఎంత?" అని అడిగితే, గదిలో అందరికీ వినపడేట్టు "ఒక పొట్లం!" అని అరిచి, అడిగినవాళ్ళ చేతిలో మాత్రం ఏమీ పెట్టకుండా పంపించినట్టన్నమాట. స్టిక్కరు ఫంక్షన్ చెయ్యి చాపుకుని వచ్చి ఉత్త చేత్తో పోయింది. స్టిక్కరు మీద అంకె ఉండాల్సిన చోట ఖాళీ.

కథలు చెప్పుకునేదాన్ని టీచరమ్మా, నాకు చెప్పడమే ఇవ్వడం. అక్కడే దెబ్బతిన్నాను. మొదటిసారి నేర్చుకునేవాళ్ళు చాలామంది ఇదే చేస్తారట. మాస్టారే అన్నారు. అన్నది మొన్న!

అదే నా మంట. మొన్న అనడమేంటి?

మొదటిసారి స్టిక్కర్లు వేసి చూసిన రోజు నేను లేను, ప్రార్థన హాలుకి వెళ్ళాను. ఖాళీ స్టిక్కర్లు వచ్చాయి. మాస్టారు చూశారు, చిన్నమ్మి చూసింది, కూరలు తరిగే ఆవిడ చూసింది. మర్నాడు సూపరింటెండెంటు గారి ముందు చూపించాలి. మాస్టారు, "పెద్దమ్మి గారికి ఫోన్ చేద్దాం, చిన్న మార్పే" అన్నారట. చిన్నమ్మి వద్దందట. "అక్క అందరికీ చెప్పుకుంది సార్. ప్రార్థన హాల్లో కూడా చెప్పింది. తప్పయిందంటే తట్టుకోలేదు. నేను చూసుకుంటాను" అందట.

ఎలా చూసుకుందో తెలుసా?

నాది ముట్టుకోలేదు. ముట్టుకుంటే నేను కనిపెట్టేస్తాను, ఎందుకంటే నా ఫంక్షన్ నాకు వరస వరసా కంఠతా వచ్చు. అందుకని ఫైల్లో కిందకి పోయింది. తన వాటాలోకి. మధ్యలో బోలెడంత ఖాళీ వదిలింది, కిందకి దొర్లించినా ఇంతే, అయిపోయింది అనుకునేలా. ఆ ఖాళీ కింద, అదే పేరుతో, ఉప్పెంత అని ఇంకో ఫంక్షన్ రాసింది. చేతిలో పెట్టేది. పనిచేసేది.

ఒకే పేరుతో రెండు రాస్తే కంప్యూటరు పోట్లాడదటండీ. పేచీ పెట్టదు, ఎవరికీ చెప్పదు. కింద రాసినదాన్నే ఉంచుకుంటుంది, పైదాన్ని మర్చిపోతుంది. పిలిస్తే కిందదే పలుకుతుంది. పైది ఉంటుంది, కనపడుతుంది, చక్కగా చదువుకోవచ్చు. పని మాత్రం ఉండదు దానికి.

ఇంట్లో పెద్దకోడల్ని చేసినట్టు!

మర్నాడు చూపించాం. స్టిక్కర్లు టకటకా వచ్చాయి. నేను నిలబడి నా ఫంక్షన్‌ని వరస వరసా చదివి అర్థం చెప్పాను, కథ చెప్పినట్టు గొంతు పెంచి, తగ్గించి. చప్పట్లండీ! సూపరింటెండెంటు గారు కూడా కొట్టారు. చిన్నమ్మి అందరికంటే గట్టిగా కొట్టింది. "మా అక్క" అంది పక్కనావిడతో. విన్నాను నేను.

ఆ తర్వాత కొత్త బ్యాచి ఎప్పుడొచ్చినా మాస్టారు నన్ను పిలిచేవారు. "మొదటి ఫంక్షన్ ఎలా రాశారో చెప్పండి పెద్దమ్మి గారూ." చెప్పేదాన్ని. చేతులు తిప్పుతూ చెప్పేదాన్ని. "పేరు పెట్టండమ్మా, ప్రేమగా పిలవండి, పలుకుతుంది" అనేదాన్ని. వాళ్ళు రాసుకునేవాళ్ళు. వెనకాల నిలబడి మాస్టారు నేలచూపులు చూసేవారు. వినయం అనుకున్నాను! నా వెనక ఏం నవ్వుకునేవారో... లేదులెండి, నవ్వి ఉండరు. జాలిపడి ఉంటారు. అది ఇంకా అన్యాయం.

మీరు బడిలో ఎన్నేళ్ళు పనిచేశారు? పిల్ల లెక్క తప్పు చేస్తే, ఆ పిల్ల నిద్రపోయాక పలక తీసి మీరు సరిచేసి పెట్టి, పొద్దున్నే "శభాష్" అన్నారా ఎప్పుడైనా? అనరు. అంటే ఆ పిల్ల ఏమవుతుంది?

ఊఁ. నొక్కండి, చెయ్యి గట్టిగా నొక్కండి. మీకు అర్థమైంది.

ఇక మీ సంగతికి వస్తాను. గుండె డాక్టరు గారు ఒకరోజు మెట్ల దగ్గర ఎదురై, "పెద్దమ్మి గారూ, ఇవాళ్టినుంచీ గుండె వార్డుకి ఆ ఒక్క పొట్లం కూడా వద్దు. సున్నా. నీరు పట్టినవాళ్ళు ఎక్కువయ్యారు" అన్నారు. నాకొక్కదానికే చెప్పారు. తిన్నగా పోయి నా ఫంక్షన్ తెరిచాను. గుండె అన్నచోట ఒకటి తీసి సున్నా పెట్టాను. సేవ్ చేశాను. ప్రోగ్రాం నడిపించాను. తెర మీద మంచాలన్నీ జలజలా జారిపోయాయి, చివర్లో ఉన్నది కాన్పుల వార్డు, దాని పక్కన నా దీవెన నిలబడింది, "తిను, చల్లగా ఉండు." దణ్ణం పెట్టుకుని పొయ్యి దగ్గరికి పోయాను.

ఇన్ని మంచాల పని ఒక్క చోట మారిస్తే మారిపోయింది, ఫంక్షన్ అంటే ఇదీ సుఖం అనుకున్నాను. చూడండి నా అమాయకత్వం! నేను మార్చింది పైదాన్ని. పలికేది కిందది. అందులో గుండెకి ఇంకా ఒకటే ఉంది.

మీ పళ్ళెంలోకి పూటపూటా పొట్లం వస్తూనే ఉంది. ఇచ్చారు కదా అని మీరు వేసుకున్నారు. మీ తప్పేముంది? అసలే నీరు పట్టిన ఒళ్ళు. కాళ్ళు ఉబ్బాయి, పడుకుంటే ఊపిరాడలేదు, ఈ మాస్కు వచ్చింది.

డాక్టరు గారు వంటశాలకి దిగొచ్చారు. ఆయన దిగి రావడం మేమెవ్వరం ఎప్పుడూ చూళ్ళేదు. "సున్నా అని చెప్పానా లేదా?" అని అరిచారు. అందరి ముందూ. "చెప్పారండీ, మార్చానండీ" అన్నాను. "మారిస్తే ఆవిడ పళ్ళెంలోకి ఉప్పెలా వచ్చింది? మీ కథలు ప్రార్థన హాల్లో చెప్పుకోండి!" అన్నారు.

అన్నారు టీచరమ్మా. ఆ మాట అన్నారు.

దేవుడి మీద ఒట్టేశాను. నేను ఒట్లు వేసే మనిషిని కాదు. పదండి చూపిస్తానని కంప్యూటరు తెరిచాను. నా ఫంక్షన్‌లో సున్నా ఉంది, ఆయనే కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. "మరి నడిపించండి, ఈ ఒక్క మంచానికే." నడిపించాను. ఒకటి అని వచ్చింది. "ఇక్కడ సున్నా, అక్కడ ఒకటి. మీకు పిచ్చా, దీనికి పిచ్చా?" అన్నారు.

నా మాట వింటోందా లేదా చూద్దామని, ఏం చెయ్యాలో తోచక, నా దీవెన వాక్యం తుడిచేశాను. మళ్ళీ నడిపించాను.

దీవెన వచ్చింది.

నేను తుడిచేసిన దీవెన, నా కళ్ళ ముందు, తెర మీద, "తిను, చల్లగా ఉండు" అని.

నవ్వుతారో ఏడుస్తారో మీ ఇష్టం. ఒక్క క్షణం దేవుడే అనుకున్నాను. నా మీద నింద పడుతుంటే చూడలేక తానే వచ్చాడు, నా మాట తానే పలుకుతున్నాడు అనుకున్నాను. రెండు చేతులూ ఎత్తాను కూడా! డాక్టరు గారు నా వంక చూసిన చూపు... మర్చిపోలేను.

అప్పుడొచ్చారు మాస్టారు, ఎవరో పిలిస్తే. తిన్నగా కంప్యూటరు దగ్గరికి వచ్చారు. నా పక్కన వంగి కిందకి దొర్లించడం మొదలెట్టారు. ఖాళీ. ఇంకా ఖాళీ. "అక్కడేం లేదండీ, అది చిన్నమ్మి వాటా" అన్నాను. ఆగలేదు. అడుగున కనపడింది. ఉప్పెంత. నేను పెట్టిన పేరు. గుండెకి ఒకటి. దాని కింద నా దీవెన, అక్షరం పొల్లుపోకుండా.

దీవెన కూడా కాపీ కొట్టింది. అది ఉండకపోతే నాకు అనుమానం వస్తుందని! ఇన్నాళ్ళూ ఈ ఆస్పత్రిలో ప్రతి మంచాన్నీ దీవించింది నేను కాదు. ఆవిడ. నా నోరు పెట్టుకుని ఆవిడ.

"ఏమే, ఇదేంటే?" అన్నాను.

"అక్కా, నీ మనసు నొచ్చుకుంటుందని..." అంది.

"నా మనసుకి నిన్ను కాపలా ఎవరు పెట్టారే?"

"నువ్వు అంత సంబరపడుతుంటే ఎలా చెప్పను? చిన్న తప్పే కదా, నేను దిద్దేస్తే పోలా అనుకున్నా. నీ కోసమే అక్కా."

"మరి డాక్టరు గారు గుండెకి సున్నా చెయ్యమంటే నీ దాంట్లో ఎందుకు మార్చలేదే?"

"నాకు చెప్పలేదు కదా అక్కా నువ్వు."

నేను చెప్పలేదట! నా ఫంక్షన్‌లో నేను అంకె మార్చుకోడానికి ఆవిడకి ఎందుకు చెప్పాలండీ? అది నాది కాదని నాకు తెలిస్తే కదా!

మాస్టారు గొంతు సవరించుకుని, "నిజానికి ఒక్క పదం చేరిస్తే చాలండీ, మీదే పనిచేస్తుంది" అన్నారు. ఒక్క పదమట. ఒక్క పదం నాకు చెప్పడానికి ఇంతమంది పెద్దమనుషులకి నోరు పెగల్లేదు. నన్నేమనుకున్నారు వీళ్ళు? గాజు బొమ్మనా? పొయ్యి ముందు జీవితమంతా నిలబడ్డాను, కాలిన మచ్చలు చూడండి ఈ చేతుల మీద. ఒక తప్పు చెబితే కరిగిపోతానా?

మధ్యాహ్నం పళ్ళేలు ఎదురుచూస్తున్నాయి. ఏడుస్తూ కూర్చుంటే మిగతా గుండెలవాళ్ళ గతేంటి? కుర్చీ లాక్కున్నాను. ఆ ఒక్క పదం ఏమిటో చెప్పమన్నాను, నా చేత్తో చేర్చాను. ఆవిడ రాసిన ఉప్పెంతని తుడిచేశాను, ఆ ఖాళీతో సహా. నడిపించాను. గుండె వార్డుకి సున్నా వచ్చింది. స్టిక్కర్లు వచ్చాయి.

నా ఫంక్షన్ మొట్టమొదటిసారి పనిచేసింది టీచరమ్మా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టే మొహాలు అక్కడ ఎవరికీ లేవు. తలలు వంచుకుని పళ్ళేలు మోసుకుపోయారు.

ఇంటికెళితే మా ఆయన, "పోనిద్దూ, మంచికే చేసింది పాపం" అన్నారు. మంచికే! ఆ మాట పట్టుకుని ఎంతమంది ఎన్ని తలుపులు తెరుచుకుని వచ్చేస్తారో చూశారా. నన్ను తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. నా మీద జాలిపడినవాళ్ళని ఏం చెయ్యాలో నాకు తెలీదు. జాలికి ఎదురు తిరిగితే నేనే చెడ్డదాన్నవుతాను.

ఇప్పుడొక మాట చెప్తాను. పక్క మంచం అమ్మా, మీరు కాస్త నిజంగానే నిద్రపోండి.

మీకు ఊపిరాడక ఈ వార్డుకి తెచ్చారని విన్నప్పుడు నాకు భయం వేసింది, నిజం. దేవుణ్ణి మొక్కాను, నిజం. కానీ ఏడుపు రాలేదు. ఏడుపు ఎప్పుడొచ్చిందో తెలుసా? ఇంటికెళ్ళి, తలుపేసుకుని, ఆ చప్పట్లు తలుచుకుంటే వచ్చింది. అవి నావి కావని. మీ ఊపిరి కంటే నాకు ఆ చప్పట్లు ఎక్కువయ్యాయి. ఇంత దైవభక్తి ఉన్నదాన్ని, ఇన్ని కథలు చెప్పేదాన్ని, లోపల ఉన్నది ఇదీ. మీకు చెప్పకుండా మీ పక్కన కూర్చోవడం న్యాయం కాదని చెప్పాను. చెయ్యి తీసేసుకోవాలంటే తీసేసుకోండి.

...తీయరా? సరే. మీ దయ.

చిన్నమ్మి తలుపు అవతలే ఉంది. పొద్దున్నుంచీ అక్కడే నిలబడింది. "యంత్రం తప్పనే ఉండనీ అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా" అని నన్ను అడిగింది. కుదరదన్నాను. మీ కాళ్ళు పట్టుకోడానికి వస్తుంది. రానివ్వండి. క్షమిస్తే క్షమించండి, మీకు పుణ్యం. ఫిర్యాదు ఇస్తే ఇవ్వండి, అది న్యాయం. నేను ఇటూ చెప్పను, అటూ చెప్పను. లోపలికి మాత్రం మీరే రమ్మనాలి. నా నోటికి ఆవిడ పేరు రావట్లేదు.

హాల్లో కథ అయ్యాక నేనెప్పుడూ ఒకటి అడుగుతాను, ఇందులో ఒక మంచి పని గుర్తుపెట్టుకుని పోయి నలుగురికీ చెప్పండని. ఇవాళ నా దగ్గర మంచి పని లేదు. అయినా ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇందాక కావాలనే దాటేశాను, ఇప్పుడు చెప్తాను.

డాక్టరు గారు నా మీద అంత ఎత్తున లేస్తున్నప్పుడు, నేను దేవుడి మీద ఒట్టేస్తున్నప్పుడు, మాస్టారు ఇంకా రాకముందు, చిన్నమ్మి ఎక్కడుందనుకున్నారు? నా పక్కనే. చెయ్యి చాపితే అందేంత దూరంలో, కుళాయి దగ్గర. గరిటె కడుగుతోంది. అన్నీ వింటోంది. అన్నీ తెలుసు. కడిగిన గరిటెనే మళ్ళీ కడుగుతోంది.

మీ దగ్గర చదువుకున్న పిల్లలు మిమ్మల్ని చూడ్డానికి వస్తారు కదా. కంప్యూటరు సంగతి వాళ్ళకి చెప్పొద్దు, ఉప్పు సంగతీ చెప్పొద్దు. అది చెప్పండి చాలు. నిజం తెలిసిన మనిషి పక్కనే నిలబడి, శుభ్రంగా ఉన్న గరిటెని కడుగుతూ ఉండిందని. వాళ్ళని కూడా ఇంకొకరికి చెప్పమనండి.